ఉచితపు గోదా

ఆట యెంత చిన్నదైనను దానికొక ధర్మముండును. మన పల్లెలలో గోదా త్రవ్వి, మన్ను మెత్తజేసి, కుస్తీ పట్టించునప్పుడు పెద్దలు మొదట చూచునది జోడు. ఈడును, బరువును, సత్తువయు ఇంచుమించుగా సరిపోయిననే కాని ఇద్దరు వస్తాదులను ఎదురెదుట నిలువనీయరు. జోడు కుదిరిన పిదప గెలుపోటములు వారి పట్టుమీదను, సాధనమీదను ఆధారపడవలెనే కాని వారి వెంట వచ్చినవారి సంచిలోని రూపాయలమీద ఆధారపడరాదు. గదాయుద్ధమున నాభికి దిగువను కొట్టరాదని నియమము. భీమసేనుడు తొడలు విరుగగొట్టి గెలిచినప్పుడు బలరాముడు నాగలి యెత్తుకొని వచ్చెను. అది న్యాయమా, అన్యాయమా యని మన పురాణశ్రోతలు నేటికిని తర్కించుచునే యున్నారు. గెలిచినవాడెవడని విని ఊరకొనక, ఎట్లు గెలిచెనని కూడ అడుగుట మనవారికి అనాదిగా ఉన్న అలవాటు.

ఆ ప్రశ్ననే మేము నేడొక క్రొత్త గోదాను గూర్చి అడుగదలచితిమి. ఈ గోదాకు మన్ను లేదు. అద్దపు తెరమీద వెలుగుతో దీనిని కట్టిరి. ఫైటింగ్ గేములని లోకము పిలుచు ద్వంద్వయుద్ధపు వీడియో ఆటలు ముప్పదియేండ్లకు పైగా పొందుచు వచ్చిన మార్పులను, అందును ముఖ్యముగా ‘ఉచితము’ అను పేరుతో వానియందు ప్రవేశించిన వ్యాపారపద్ధతిని విచారించుట మా ఉద్దేశము. పిల్లల ఆటలకు సారస్వతపత్రికలో చోటేల యని కొందరు పెద్దలు నవ్వవచ్చును. పిల్లల ప్రొద్దును, తండ్రుల సొమ్మును ఏ కాలువగుండ పారిపోవుచున్నవో ఆ కాలువ గట్టువెంట ఒకసారి నడచి చూచుట పెద్దలు చేయదగిన పనియే యని వారికి మా సమాధానము.

ఈ ఆటల స్వరూపము తెలియనివారికొరకు రెండు మాటలు చెప్పుదుము. తెరమీద ఇద్దరు యోధులు ఎదురెదురుగా నిలుతురు. ఒక్కొక్క యోధుని ఒక్కొక్క ఆటగాడు మీటతోడను బొత్తాములతోడను ఆడించును. తెర పైభాగమున ఇద్దరి ఆయువును చూపు పట్టీలు రెండుండును. దెబ్బ తగిలినకొలది పట్టీ తరుగును. ఎవని పట్టీ ముందుగా అడుగంటునో వాడోడినట్లు. జపానుదేశపు క్యాప్‌కామ్ కంపెనీ 1991వ సంవత్సరమున వెలువరించిన స్ట్రీట్ ఫైటర్ 2 ఈ ఆటల వంశమునకు మూలపురుషుని వంటిది. దాని వెనుక 1992లో అమెరికానుండి మోర్టల్ కాంబాట్, 1993లో సెగా వారి వర్చువా ఫైటర్, 1994లో నామ్కో వారి టెక్కెన్ వచ్చినవి.

అప్పటి బేరము సూటియైనది. ఆట యంత్రము దుకాణములో నుండును. అమెరికాలో పావుడాలరు, జపానులో నూరు యెన్నుల నాణెము వేసి ఆడెడివారు. గెలిచినవాడు నిలుచును, ఓడినవాడు తప్పుకొని, మరల ఆడదలచినచో మరల నాణెము వేయవలెను. 1990 తరువాతి సంవత్సరములలో మన తెలుగు పట్టణములందును సినిమాహాళ్ల ప్రక్కను, బస్టాండు సందులలోను వీడియో గేముల కొట్లు వెలసి, రూపాయి రెండు రూపాయలకు ఒక ఆట ఆడించెడివి. బడి యెగగొట్టిన కుమారులను ఆ కొట్లలోనుండి చెవి పట్టి యీడ్చుకొనిపోవు తండ్రులను మేము చూచితిమి. అవి పుణ్యక్షేత్రములని మేము చెప్పబోము. కాని వానియందొక సుగుణముండెను. నాణెము పెట్టి కొనదగినది వంతు మాత్రమే. బలమును కొనుటకు ఆ యంత్రమున తొఱ్ఱయే లేదు. షావుకారు కొడుకు వేసిన రూపాయికిని, రిక్షావాని కొడుకు వేసిన రూపాయికిని అదే యోధుడు, అదే ఆయువు. కులము, కలిమి, చదువు అచట చెల్లెడివి కావు. చేతి నేర్పు ఒక్కటియే చెల్లెడిది. జేబు ఖాళీయైనచో ఆట ముగిసెడిది. తానెంత ఖర్చుపెట్టితినో ఇంటికి నడచిపోవు పిల్లవానికి పైసలతో సహా తెలిసెడిది.

పిమ్మట ఆట ఇంటికి వచ్చెను. 1992లో సూపర్ నింటెండో అను ఇంటి యంత్రమునకై చేసిన స్ట్రీట్ ఫైటర్ 2 ప్రతులు లోకమంతట 63 లక్షలు అమ్ముడుపోయినవి. ఇక నాణెముతో పని లేదు. ఒకసారి కొన్న పుస్తకమువలె ఆట మనదే. కాని వ్యాపారి ఊరకుండునా? 1992లో ఛాంపియన్ ఎడిషన్, 1993లో సూపర్, 1994లో సూపర్ టర్బో అని ఒకే ఆటను కొద్దిపాటి మార్పులతో మరల మరల అమ్మిరి. పాఠ్యపుస్తకమునకు ఏటేట అట్ట మార్చి అమ్మువారిని ఎరిగిన మనకు ఇది వింత గాదు. 2012లో జరిగినది మాత్రము వింతయే. స్ట్రీట్ ఫైటర్ క్రాస్ టెక్కెన్ అను ఆటను నిండువెల పెట్టి కొన్నవారికి, తమ యింటికి వచ్చిన బిళ్లలోనే 12 మంది యోధులు తాళములో నున్నారనియు, వారిని విడిపించుటకు మరి 20 డాలర్లు చెల్లింపవలసి యుండుననియు తెలిసెను. ఇల్లు అమ్మినవాడు ఒక గది తాళపుచెవిని మొలలో దోపుకొని, దానికి వేరుగా వెల అడిగినట్లయ్యెను. కావున వెల పెట్టి అమ్మిన కాలమంతయు సత్యయుగమనియు, ఉచితము రాగానే కలి ప్రవేశించెననియు చెప్పుట మా మతము గాదు. పేరాశకు రెండు పద్ధతులలోను చోటు కలదు. ఏ పద్ధతిలో అది కంటికి కనబడునో, ఏ పద్ధతిలో కనబడకుండ దాగునో చూచుటయే మన పని.

ఉచితపు పద్ధతి ఏల పుట్టెను? దానికి న్యాయమైన కారణమే కలదు. ద్వంద్వయుద్ధమునకు ప్రత్యర్థి కావలెను. కొట్లు మూతపడిన పిదప ప్రత్యర్థి ప్రక్కన నిలుచువాడు గాక ఎచటనో దూరదేశములో ఇంటర్నెట్టు కొసను కూర్చున్నవాడయ్యెను. ఈ ఆటలలో కాలము సెకనులో 60వ వంతుల చొప్పున లెక్కింపబడును. వార్త చేరుట రవ్వంత ఆలస్యమైనను దెబ్బ గురి తప్పును. ఈ చిక్కునకు టోనీ కానన్ అను అమెరికావాసి 2006లో జీజీపీవో అను ఉపాయము కనిపెట్టెను. ప్రత్యర్థి చేయబోవుదానిని యంత్రమే ముందుగా ఊహించి ఆటను నడుపును. ఊహ తప్పినచో వెనుకకు పోయి దిద్దుకొనును. దానితో దూరము చాలవరకు జయింపబడెను. జయింపబడనిది జనాభావము. వెల యెక్కువైన ఆటను కొందరే కొందురు. కొన్నాళ్లకు వారిలో ఉద్దండులు మాత్రమే మిగులుదురు. ఆ మీదట వచ్చిన క్రొత్తవాడు మొదటి రాత్రియే ఇరువదిసార్లు చిత్తుగా ఓడి, మరల ఆ వైపు చూడడు. ఐదుగురైదుగురు జట్టుగా ఆడు ఆటలో ఓటమిని తోడివానిమీదికి నెట్టవచ్చును. ఇచట అది యంతయు ఒక్కని నెత్తిమీదనే పడును. గోదా నిండుగా నుండవలెనన్నచో తలుపు తెరచి యుంచక తప్పదు. 2009లో వెలువడిన లీగ్ ఆఫ్ లెజెండ్స్ అను జట్టుల ఆట ప్రవేశమునకు రుసుము లేకయే కోట్లకొలది జనమును, అంతకుమించిన ధనమును కూడబెట్టుట ద్వంద్వయుద్ధపు ఆటలవారు చూచుచునే యుండిరి.

2013వ సంవత్సరమున మూడు ఆటలు ఈ దారి పట్టినవి. మూడింటి పోకడలును మూడు విధములు. వానిని విడివిడిగా చూచినగాని ఉచితమను మాటలోని మర్మము బోధపడదు.

మొదటిది టెక్కెన్ రివల్యూషన్. ఇది వంతును అమ్మినది. ఆటగానివద్ద కొన్ని నాణెములుండును. ఖర్చయినవి కొంతసేపటికి తమంతట తామే మరల పుట్టును. ఓపిక లేనివాడు సొమ్మిచ్చి కొనవలెను. ఇంతవరకు పాత కొట్టు మర్యాదయే. కాని ఆడినకొలది తన యోధుని దెబ్బకు బలమును, ఆయువునకు నిడివిని పెంచుకొను ఏర్పాటొకటి దానిలో చేర్చిరి. ఎక్కువ నాణెములు కొన్నవాడు ఎక్కువ ఆడును; ఎక్కువ ఆడినవాడు ఎక్కువ బలియును. ఇట్లు జోడు చెడినది. ఆ ఆటను 2017 మార్చిలో మూసివేసిరి.

రెండవది డెడ్ ఆర్ అలైవ్ 5 కు చేసిన కోర్ ఫైటర్స్ అను ఉచితరూపము. ఇది నలుగురు యోధులను ఊరక యిచ్చి, తక్కినవారిని విడివిడిగా అమ్మినది. మూడవది మైక్రోసాఫ్టు వారి ఎక్స్‌బాక్స్ వన్ యంత్రముతోపాటు వెలువడిన కిల్లర్ ఇన్‌స్టింక్ట్. ఇది ఒక్క యోధుని ఉచితముగా చేతికిచ్చి, తక్కినవారిని ఒక్కొక్కని 5 డాలర్లకు, అందరిని కలిపినచో 20 డాలర్లకు ఇచ్చెదనని మొదటి దినముననే చెప్పినది. అంగడివాడు మామిడిపండు ఒక చెక్క కోసి రుచి చూపి, నచ్చినచో బుట్ట తీసికొనుమనును. బుట్ట వెల పలకమీద వ్రాసియే యుండును. ఇట్టి ఉచితముమీద మాకు తగవు లేదు.

యోధులను అమ్ముట బలమును అమ్ముట కాదుగదా యని కొందరందురు. కొంతవరకు నిజమే. కొన్న యోధుడు కొనని యోధునికంటె సహజముగా బలవంతుడు కానక్కరలేదు. అయినను ఈ ఆటలలో సగము విద్య ప్రత్యర్థిని ఎరుగుటయందున్నది. ఎదుటివాని దెబ్బ యెంతసేపటిలో వచ్చునో, తప్పినచో వాడెంతసేపు నిస్సహాయుడై యుండునో తెలిసినవాడే ఎదురుదెబ్బ తీయగలడు. సాధన చేయుచోట కూడ కొనని యోధుని ముట్టనీయకున్నచో, వానిచేత దెబ్బలు తినుటయే వానిని తెలిసికొను మార్గమగును. 2019లో టెక్కెన్ 7 అను వెలగల ఆటయందు ఈ దెబ్బల కాలగణనమును తెరమీద చూపు ఉపకరణమునే వేరుగా వెల కట్టి అమ్మిరి. బలమును అమ్మలేదు, సరియే, తెలివిడిని అమ్మిరి. బడిలో అందరికి ఒకే పరీక్ష పెట్టి, ప్రశ్నలకు అర్థము చెప్పు పుస్తకమును మాత్రము డబ్బున్నవారికే ఇచ్చినచో దానిని సమానవిద్య యని ఎవరందురు?

ఇంతలో వేరొక ఆక్షేపణ వినబడుచున్నది. ‘వారు ఊరక ఇచ్చుచున్నారు, ఇష్టమున్నవాడు సొమ్ము పెట్టును, లేనివాడు మానును. పుణ్యానికి పుట్టెడు పెట్టిన పిచ్చకుంచమని పోట్లాడుట యేల?’ సామెత మంచిదే. అయితే అది పుణ్యమునకు పెట్టినవారి విషయమున చెల్లును. ఈ కంపెనీలు అన్నసత్రములు నడుపుట లేదు. ఆటను చేయు చిత్రకారులకును, యంత్రశాస్త్రజ్ఞులకును జీతము లీయవలెను. సర్వరులకు అద్దె కట్టవలెను. పెట్టుబడిదారునకు లాభము చూపవలెను. వేలమంది ఊరక ఆడుచున్నచో వారి పాలు కూడ చెల్లించువారు కొందరుండి తీరవలెను. అప్పుడు కంపెనీవాని దృష్టి ఆ కొందరిమీదనే నిలుచును. వారెవరు, వారిని ఎచట ఆపవలెను, ఏది చూపి ఊరింపవలెను అని యోచించుట యొక వృత్తి యగును. మంచి ఆటను చేసి అమ్ముటకును, ఆటలో ఆటంకములు కల్పించి వాని విమోచనమును అమ్ముటకును గల భేదము ఇదియే.

ఈ ఆటంకముల సంగతి పుస్తకములు చదివి తెలిసికొననక్కరలేదు. చేతిలో ఫోను గల యే పిల్లవాని నడిగినను చెప్పును. మా మేనల్లుడు పదునాలుగేండ్లవాడు. ఒకనాడు ఫోనులో కుస్తీ ఆడుచు హఠాత్తుగా ఆపి గోడ గడియారమువైపు చూచుచుండెను. ఏమిరా యని అడిగితిమి.

“శక్తి అయిపోయింది మామయ్యా. అరగంట ఆగాలి. లేకపోతే రత్నాలు కొనాలి.”

“రత్నం ఒకటి ఎంతరా?”

“ఒక్కొక్కటి అమ్మరు మామయ్యా. సంచుల లెక్కన అమ్ముతారు. నాకు కావలసినవి డెబ్బై. యాభై సంచి ఒకటుంది, నూటయిరవై సంచి ఒకటుంది.”

“నూటయిరవై కొంటే మిగిలిన యాభై ఏమవుతాయి?”

“ఉంటాయి. ఇంకొకటి కొనుక్కోవచ్చు. కాని దానికి యాభై చాలవు.”

ఈ పిల్లవాడు అర్థశాస్త్రము చదువలేదు. అయినను ఆ శాస్త్రమున ఒక అధ్యాయము నాలుగు మాటలలో చెప్పివేసెను. ఇట్టి లెక్క పేరులేని ఫోను ఆటలకే పరిమితము గాదు. 2023 జూనులో 60 డాలర్ల వెలకు వెలువడిన స్ట్రీట్ ఫైటర్ 6 ను చూడుడు. దానియందు ఫైటర్ కాయిన్ అను నాణెములు 250, 610, 1250, 2750 చొప్పున కట్టలుగా అమ్ముదురు. ఆ సంవత్సరము ఆగస్టులో నింజా తాబేళ్ల వేషములు నాలుగు అమ్మకమునకు పెట్టి, ఒక్కొక్కదానికి 750 నాణెములు నిర్ణయించిరి. 750 నాణెముల కట్ట లేనే లేదు. నాలుగు వేషములకు కలిపి 3000 నాణెములు కావలెను. అనగా ఇంచుమించుగా ఆట వెలయంత. అవియు యుద్ధము చేయు ప్రధానయోధులకు కావు. ఆటగాడు తనకు ప్రతిరూపముగా చేసికొను బొమ్మకు మాత్రమే. వేషము కొనుట తప్పని మేమనము. సొమ్మున్నవాడు బొమ్మకు పట్టుబట్ట కట్టినను మనకేమి? వెలను రూపాయలలో చెప్పక, ఎచటను సరిపోని బిళ్లలలో చెప్పుట యేలయని మాత్రము అడుగుచున్నాము. కుంచము తప్పు కొలతదైనచో మన సంతలలో రచ్చ జరుగును. ఈ సంతలో కుంచమును చూపుటయే లేదు.

ఇచట చదువరులు గమనింపవలసినదొకటి కలదు. ఉచితపు ఆట పుట్టినది వెలగల ఆటకు బదులుగా. కాని దాని అలవాట్లు వెలగల ఆటకును అంటుకొన్నవి. 2024 జనవరిలో నిండువెలకు అమ్మిన టెక్కెన్ 8 లో, విడుదలయైన కొద్ది వారములకే వేషముల అంగడి తెరచిరి. జనులు ఆట కొని, దానిని మెచ్చుకొని, అభిప్రాయములు వ్రాసిన తరువాత అంగడి తెరచుకొనుటచే పలువురు నొచ్చుకొనిరి. ఉచితపు ఆటలో అంగడి యుండుటకు ప్రవేశము ఉచితమను సమాధానమైన కలదు. నిండువెల తీసికొన్నవాడు ఆ సమాధానము చెప్పజాలడు. సత్రములో భోజనము ఊరక పెట్టి తాంబూలమునకు డబ్బు తీసికొనుట యొకటి. పూటకూళ్లయింట భోజనమునకు రూపాయి తీసికొని, కూర్చుండిన పిదప విస్తరికి వేరుగా అడుగుట మరియొకటి.

అన్నింటికంటె హేయమైనది అదృష్టపు పెట్టె. ఫోనులో ఆడు ద్వంద్వయుద్ధపు ఆటలలో ఇది విశేషముగా ప్రబలినది. 2014లో వెలువడిన మార్వెల్ కాంటెస్ట్ ఆఫ్ ఛాంపియన్స్ వంటి ఆటలలో యోధుని నేరుగా ఎన్నుకొని కొనుటకు బదులు ఒక స్ఫటికమును పగులగొట్టవలెను. లోపల ఎవరు వత్తురో దైవాధీనము. కావలసినవాడు రాకున్నచో మరియొక స్ఫటికము. దీనికిని మూడు ముక్కలాటకును భేదము చెప్పుట కష్టము. జపాను ప్రభుత్వము 2012లోనే ఇట్టి పెట్టెలలో ఒక విధమును, అనగా చీటీలను జతలుగా కూర్చినగాని బహుమాన మీయని దానిని, చట్టవిరుద్ధమని తేల్చెను. బెల్జియము జూదవిచారణసంఘమువారు 2018లో సొమ్ము పెట్టి తెరచు ఇట్టి పెట్టెలు కొన్ని ఆటలలో జూదమే యని నిర్ణయించిరి. మన దేశమున 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము, సొమ్ము ఒడ్డి సొమ్ము గెలువజూచు ఆన్‌లైన్ ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్సు అను పోటీలను వేరుగా గుర్తించినది. సొమ్ము పోవుటయే కాని సొమ్ము వచ్చుట లేని ఈ పెట్టెలు ఆ చట్టమునకు ప్రధానలక్ష్యములు గావు. జూదరి కేమైనను గెలుతునను ఆశ యుండును. ఈ పిల్లవాడు గెలిచినను వాని చేతికి వచ్చునది ఒక బొమ్మ. అందుచే దోషము తగ్గెనందురా, పెరిగెనందురా?

ఇక ఆ బొమ్మయైనను ఎంతకాలము నిలుచును? మల్టీవర్సస్ అను ఆట చరిత్ర దీనికి తగిన ఉత్తరము. వార్నర్ బ్రదర్స్ కంపెనీ తమ బ్యాట్‌మాన్‌ను, బగ్స్ బన్నీని, టామ్ అండ్ జెర్రీని ఒకే గోదాలో దింపి 2022 జులైలో ఉచితముగా తెరచినది. ఒక నెలలో రెండు కోట్లమంది ఆడిరి. ఇంకను ప్రయోగదశలో నున్నదనుచునే 100 డాలర్ల వరకు వెలగల కట్టలను అమ్మిరి. 2023 జూనులో ప్రయోగము ముగిసెనని మూసిరి. 2024 మే 28వ తేదిని మరల తెరచిరి. 2025 మే 30వ తేదిని ఇంటర్నెట్టు మీది ఆటను శాశ్వతముగా ఆపివేసిరి. చివరి నెలలలో ఆటను దింపుకొని లోనికి ప్రవేశించినవారికి మాత్రము ఇంటిలో ఒంటరిగా గాని, ప్రక్కవానితో గాని ఆడుకొను భాగ్యము మిగిల్చిరి. ఆ మాత్రపు దయయైనను చూపినందుకు వారిని మెచ్చుకొనుచున్నాము. అన్ని ఆటలకును అది లభింపదు. కాని ఆ ఆటను చేసిన కర్మాగారము అంతకు ముందే, ఫిబ్రవరిలోనే, మూతపడనున్నదని ప్రకటింపబడెను. ఆడినవారి సొమ్ము పోయినది, చేసినవారి కొలువు పోయినది. 1991 నాటి యంత్రము ఏ పాతసామానుల కొట్టులోనైన దుమ్ముకొట్టుకొని పడియున్నను, చెడకుండ ఉన్నచో, కరెంటు తగిలించి మీట వేసినంతనే నేటికిని ఆడును. రెండు కోట్లమంది త్రొక్కిన గోదా మూడేండ్లు తిరుగకుండ తాళము వేయబడెను. కొన్నది మనదే యను భావము ఎంత బలహీనమైనదో ఇందువలన తెలియుచున్నది.

ఇన్ని చెప్పినను ఉచితమను పద్ధతిని సమూలముగా పెరికివేయవలెనని మేము వాదించుట లేదు. 60, 70 డాలర్లు మన దేశములో ఎందరి తండ్రులకు నెలజీతమున ఎంత భాగమో మేమెరుగుదుము. ఆ వెల గుమ్మముననే నిలిపివేసిన పిల్లలకు ఉచితపు తలుపు నిజముగా తలుపే. 2020లో ఉచితముగా మారిన ఫాంటసీ స్ట్రైక్ అను చిన్న ఆట యోధులనందరిని ఊరకనే ఇచ్చి, అలంకారములను, అదనపు సదుపాయములను మాత్రము అమ్మినది. బ్రాల్‌హల్లా అను ఆట వారమువారము కొందరు యోధులను మార్చి మార్చి ఉచితముగా ఇచ్చుచు, అందరిని ఒక్కసారిగా కొనదలచినవానికి ఒకే వెల చెప్పుచు, 2017 నుండి నిలిచియున్నది. లీగ్ ఆఫ్ లెజెండ్స్ చేసిన రయట్ కంపెనీవారును 2025 అక్టోబరులో 2ఎక్స్‌కేవో అను ఉచితపు ద్వంద్వయుద్ధమును కంప్యూటరుమీద అందరికి తెరచిరి. కావున దారి మంచిదా చెడ్డదా యన్న ప్రశ్నకంటె దారిలో సుంకము వసూలు చేయువాడెట్టివాడన్న ప్రశ్న ముఖ్యము.

పేదవానికి కావలసినది యేమి? ఈ విషయమున లాహోరు నగరము మనకొక పాఠము చెప్పుచున్నది. ఈ ఆటలకు జగత్పోటీ వంటిది ఎవో. 1996లో కాలిఫోర్నియాలో చిన్న కూటముగా మొదలైన ఆ పోటీలను నెలకొల్పినవారిలో పైన చెప్పిన టోనీ కానన్ కూడ ఒకడు. 2019 ఫిబ్రవరిలో జపానున జరిగిన ఎవోలో లాహోరువాసియైన అర్సలాన్ యాష్ టెక్కెన్ 7 లో విజేతయయ్యెను. వీసాల చిక్కులు దాటి అచటికి చేరిన ఆ యువకుని పేరు అంతకుముందు లోకమునకు అంతగా తెలియదు. తమ ఊరి వీడియో ఆటల కొట్లలో తనంతవారు ఇంకను పలువురున్నారని అతడు చెప్పగా జనులు విస్తుపోయిరి. ఆ యేడు ఆగస్టులో అమెరికాలోని లాస్ వేగాస్ నగరమున జరిగిన ఎవోలోను అతడే గెలిచెను. అతనిని పెంచినది ఉచితము గాదు; కొద్ది డబ్బుతో, సమానబలముతో, ప్రక్కప్రక్కన నిలిచి పోరాడనిచ్చిన కొట్టు. ధనికదేశముల ఆటగాండ్రు సొమ్ముతో బలమును కొనగలిగియున్నచో ఆ లాహోరు యువకుడు ఆ పీటమీద నిలువగలిగెడివాడా? పేదవానికి మొదట కావలసినది సమానత్వము. చౌక దాని తరువాతిది. సమానత్వమును తీసికొని ఉచితము నిచ్చుట, కన్ను తీసికొని అద్దము బహుకరించుటయే యగును.

కావున మేము కోరునవి నాలుగు. మొదటిది, ప్రతి వస్తువు వెలయు ఆ దేశపు నాణెములో, మన దేశమున రూపాయలలో, కొనుచోటనే వ్రాయవలెను. రత్నములు, బిళ్లలు, స్ఫటికములు అను మారువేషములు మానవలెను. రెండవది, బలమును గాని తెలివిడిని గాని అమ్మరాదు. యోధుని అమ్మినను సాధనశాలలో వానిని అందరికిని చూపవలెను. మూడవది, అదృష్టపు పెట్టెను పిల్లల దరికి రానీయరాదు. ఈ విషయమున మన శాసనకర్తలు జపాను, బెల్జియములను చూచి నేర్చుకొనవచ్చును. నాలుగవది, గోదా మూయువాడు, కొన్నవారు తమ యింట తాము ఆడుకొనుటకు వీలైన రూపమును వదలి మరీ పోవలెను.

తలిదండ్రులకు ఒక మనవి. ఆట మాన్పించుట సులభమని తలపకుడు. ఫోను లాగికొన్నంతనే మానునది కాదు. పిల్లవాని ప్రక్కన ఒక గంట కూర్చుండి, వాడు దేనికి సొమ్మడుగుచున్నాడో వానిచేతనే లెక్క వేయింపుడు. డెబ్బై రత్నములకు నూటయిరవై ఏల కొనవలెనో వాడే తనకు తాను చెప్పుకొనినచో మన ఉపన్యాసములకంటె అది బాగుగా పనిచేయును. యువకులకును ఒక మాట. మీరు ద్వంద్వయుద్ధమున నేర్చినది ఎదుటివాని ఎత్తును ముందుగా కనిపెట్టుట. ఆ విద్యను తెరమీది యోధునిపైననే గాక, తెర వెనుక కూర్చున్న వర్తకునిపైనను ప్రయోగింపుడు. వాడు ‘ఉచితము’ అన్నప్పుడు ‘మొత్తమెంత?’ యని అడుగుడు. సూటిగా ఉత్తరము చెప్పినవాని గోదాలో దిగి హాయిగా పోరాడుడు. చెప్పలేనివాని గోదాను ఖాళీగా విడిచిపెట్టుడు. జనము లేని గోదా ఎంత ఉచితమైనను నిలువదని వానికి మనకంటె బాగుగా తెలియును.